బుద్ధిగా ఉంది మేడమ్

పోయిన వారం ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకుంది. వాళ్ళ పిల్లికి ఆపరేషన్ చేసి రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉంచుకున్నారు. "చాలా కామ్‌గా ఉందట అక్కా. ఏ గొడవా చెయ్యట్లేదట. ఒక మూల కూర్చుని కదలను కూడా కదలట్లేదట" అని సంతోషంగా చెప్పింది. నేను "పోన్లే, మంచిదే" అన్నాను. అన్నాను గానీ ఆ పూటంతా మనసు కుదురుగా లేదు. సరిగ్గా ఇదే మాట రెండేళ్ళ కిందట నేనూ విన్నాను, ఇలాగే సంతోషించాను. అది సంతోషించాల్సిన మాట కాదని అర్థమవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా పిల్లి జున్ను ఎంత భయపడి ఉంటాడో తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆస్పత్రి కేజ్‌లో కిక్కురుమనకుండా కూర్చున్న పిల్లిని చూసి, అది సర్దుకుపోయిందని మనం అనుకోకూడదు. దానికి దాక్కునే చోటు చూపించడాన్ని గారాబం కింద తీసెయ్యకూడదు. సెలైన్‌లాగా, నొప్పి మందులాగా అదీ వైద్యంలో భాగమే అని నా నమ్మకం.

నాలుగో నంబరు కేజ్

జున్నుకు అప్పటికి ఐదేళ్ళు. గడప దాటనివాడు, కాస్త లావు. ఒక ఆదివారం పొద్దున్నుంచి ఇసుక ట్రేలోకి వెళ్ళడం, ముక్కడం, లేచి రావడం, మళ్ళీ వెళ్ళడం. మేము మలబద్ధకం అనుకున్నాం. సాయంత్రం వాంతి చేసుకున్నాకగానీ బండి తియ్యలేదు. డాక్టర్ గారు పొట్ట మీద చెయ్యి వెయ్యగానే ఆయన ముఖం మారిపోయింది. మూత్రం దారి మూసుకుపోయి, మూత్రాశయం బత్తాయికాయలా గట్టిపడి ఉంది. మగపిల్లుల్ని పెంచేవాళ్ళకు ఒక్క మాట: ట్రేలో ముక్కుతూ చుక్క కూడా పడకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. ఆ రాత్రే మత్తిచ్చి, మూత్రం బయటికి రావడానికి క్యాథెటర్ గొట్టం వేశారు, సెలైన్ ఎక్కించారు, నాలుగు రోజులు ఉంచాలన్నారు. వాడి ప్రాణం నిలబెట్టారు. ఇక్కడ నేను ఏం ఫిర్యాదు చేసినా ఆ సంగతి ముందు చెప్పి తీరాలి.

మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. వార్డు అంటే ఒక పొడవాటి గది. గోడకు ఆనించి రెండు వరసల స్టీలు కేజ్‌లు. రాత్రీ పగలూ వెలిగే ట్యూబ్‌లైట్లు. జున్నుది కింది వరసలో నాలుగోది. పక్కన సెలైన్ ఎక్కుతున్న లాబ్రడార్, ఎదురుగా ఆపకుండా మొరిగే పామరేనియన్. జున్ను కేజ్‌లో అడుగున న్యూస్‌పేపరు, ఒక గిన్నె, ఒక చిన్న ఇసుక ట్రే. వాడు మెడకు ప్లాస్టిక్ కాలర్‌తో ఆ ట్రేలో, ఇసుక మీద, వెనక గోడకు అతుక్కుని కూర్చున్నాడు.

"చాలా బుద్ధిగా ఉంది మేడమ్" అన్నాడు కాంపౌండర్. "మొన్న వచ్చిన పర్షియన్ పిల్లి నా చెయ్యి చీరేసింది. ఇది బంగారం. ఇంజెక్షన్ చేసినా కదల్లేదు."

నాకు గర్వంగా అనిపించింది. ట్రేలో ఎందుకు కూర్చున్నాడని అడిగితే, చల్లగా ఉంటుందేమో అన్నాడు. అంతేనేమో అనుకున్నాను. కాలర్ లోపలికి చెయ్యి పెట్టి తల నిమిరితే గొంతులో గురగురమన్నాడు. బాగానే ఉన్నాడు, నన్ను చూసి సంతోషించాడు అని ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

మంగళవారం నాటికి వాడు మెతుకు ముట్టలేదు. అదే రోజు ఇంకొక సంగతి జరిగింది. ఆ పర్షియన్ పిల్లి అరుపులకు కుక్కలు రెచ్చిపోతున్నాయని దాన్ని లోపల, మందులు పెట్టుకునే చిన్న గదిలోకి మార్చారు. అక్కడ ఒక్క కేజ్‌కే చోటుంది. లైటు ఆపుకోవచ్చు, తలుపు వేసుకోవచ్చు. జున్నును కూడా అలాంటి చోటికి మార్చగలరా అని అడిగాను. "ఇది సర్దుకుపోయింది కదా మేడమ్, దీనికేం కాదు" అన్నారు. గొడవ చేసిన పిల్లికి నిశ్శబ్దం దొరికింది. గొడవ చెయ్యని పిల్లి కుక్కల మధ్య ఉండిపోయింది. అప్పుడు నాకది న్యాయంగానే తోచింది. ఈ రెండేళ్ళలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఆ ఒక్క మాటే.

కదలని భయం

భయపడిన పిల్లి ఎలా ఉంటుందంటే మన భాషలో ఠక్కున దొరికేది కాలుగాలిన పిల్లి. అటూ ఇటూ తిరుగుతుంది, ఒకచోట నిలవదు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుంది అనే సామెత ఇంకొకటి. తిరిగే పిల్లి, తిరగబడే పిల్లి, ఈ రెండింటినీ మన పెద్దవాళ్ళు బాగానే గమనించారు. బిగుసుకుపోయిన పిల్లికి మాత్రం మన దగ్గర సామెత లేదు. అదే భయం మనిషిలో కనిపిస్తే కుక్కిన పేనులా పడున్నాడు అంటాం, వాడు సుఖంగా ఉన్నాడని ఎవరం అనుకోం.

1997లో కెస్లర్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు, యజమానులు ఊరెళ్ళేటప్పుడు వదిలి వెళ్ళే వసతి గృహాల్లో పిల్లుల్ని గమనించి, వాటి ఒత్తిడిని కొలవడానికి 7 మెట్ల కొలత ఒకటి తయారుచేశారు. పై మెట్టు వర్ణన మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నాలుగు కాళ్ళూ ఒంటి కిందికి ముడుచుకుని నక్కి ఉంటుంది. తల ఒంటికంటే కిందికి దిగి ఉంటుంది. చెవులు వెనక్కి అతుక్కుపోతాయి. కళ్ళు పూర్తిగా తెరిచి, నల్లపాపలు కంటి నిండా పరుచుకుంటాయి. ఊపిరి వేగంగా ఆడుతుంది. కదలదు. అరవొచ్చు, అరవకపోవచ్చు కూడా. నేను సోమవారం ఫోన్‌లో తీసిన జున్ను ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం సరిచూశాను. చెవులు, పాపలు, తల అన్నీ కలిశాయి. ఆ ఫొటోనే "గుడ్ బాయ్" అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

పిల్లి వేటాడే జంతువే, కానీ దాన్ని వేటాడేవీ ఉన్నాయి. చిన్న ఒళ్ళు, తోడుగా గుంపు ఉండదు. బలహీనత బయటపెడితే ప్రాణానికి ముప్పు. పారిపోయే దారి ఉంటే పారిపోతుంది, లేకపోతే దాక్కుంటుంది, అదీ కుదరకపోతే తను అక్కడ లేనట్టే ఉండిపోతుంది. ఉన్న కొద్దిపాటి గోడల మధ్య ఒదుగుతుంది. జున్ను ట్రేలో కూర్చున్నది చల్లదనం కోసం కాదు. ఆ కేజ్ మొత్తంలో అంచులున్న వస్తువు అదొక్కటే.

ఆ గురగుర సంగతి కూడా అంతే. పిల్లులు హాయిగా ఉన్నప్పుడే కాదు, నొప్పిలో ఉన్నప్పుడూ గురగురమంటాయి. నొప్పి తెలుసుకోవాలంటే ముఖం చూడటం మేలు. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లి ముఖంలో ఐదు గుర్తులతో ఒక పద్ధతి ప్రకటించారు: చెవుల తీరు, కళ్ళు ఎంత ముడుచుకున్నాయి, మూతి ఎంత బిగిసింది, మీసాలు ఎటున్నాయి, తల ఎంత వాలింది. ఒక్కొక్కదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. నాలుగు, ఆపైన వస్తే నొప్పి మందు సంగతి ఆలోచించమంటారు. రెండు మూడుసార్లు చూస్తే ఇంట్లోవాళ్ళం కూడా నేర్చుకోగలిగిన విషయం ఇది.

భయంతో ముదిరే జబ్బు, భయపెట్టే చోట వైద్యం

బుధవారం రక్తపరీక్షలో జున్నుకు షుగర్ 240 వచ్చింది. జూనియర్ డాక్టర్ డయాబెటిస్ కావచ్చన్నారు. అమ్మ ఫోన్‌లోనే ఏడ్చింది. సాయంత్రం పెద్ద డాక్టర్ గారు వచ్చి, "పిల్లుల్లో టెన్షన్‌కే ఇంత పెరుగుతుంది, ఇంటికెళ్ళాక మళ్ళీ చూద్దాం" అన్నారు. రెండు వారాల తర్వాత చూస్తే మామూలుగానే ఉంది. ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష కూడా చేయించారు. అది ఆ పూట షుగర్‌ని కాకుండా అంతకుముందు ఒకటి రెండు వారాల సగటును చూపిస్తుంది. అదీ మామూలే. బీపీ కూడా పిల్లుల్లో ఇలాగే ఆస్పత్రిలో పెరుగుతుంది.

ఇక్కడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. బుద్ధిగా, బంగారంలా ఉన్న పిల్లికి టెన్షన్‌తో షుగర్ 240 ఎలా అవుతుంది? పైన నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన లోపల నిశ్శబ్దంగా లేదన్నమాట.

పైగా జున్నుకు స్కానింగ్‌లో రాయి కనిపించలేదు. ఏ కారణమూ దొరకకుండా మూత్రాశయం వాచిపోయే జబ్బు పిల్లుల్లో చాలా మామూలు, దాన్ని ఎక్కువ చేసేవాటిలో ఒత్తిడి ముఖ్యమైనదని డాక్టర్ గారే చెప్పారు. దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు. 2011లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో ఆ జబ్బున్న పిల్లులు 20, ఆరోగ్యంగా ఉన్నవి 12. 77 వారాలు గమనించారు. తిండి పెట్టే మనిషి మారడం, వేళలు మారడం లాంటివి జరిగిన వారాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా తిండి తగ్గించాయి, ట్రే బయట పాడుచేశాయి. రోజువారీ జీవితంలో ఆ మాత్రం మార్పుకే అంత తేడా కనిపిస్తే, కుక్కలు, ఫినాయిలు వాసన, స్టీలు తలుపుల చప్పుడు, రాత్రంతా లైటు మధ్య నాలుగు రోజులంటే ఎంత! మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు. పిల్లికి 85 వేల దాకా వినపడుతుంది. మనకు నిశ్శబ్దంగా తోచే గది దానికి నిశ్శబ్దంగా ఉండకపోవచ్చు.

తిండి మానేసిన పిల్లి మనిషిలా ఉపవాసం ఉండలేదు. కొద్ది రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నవాటికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే వేరే జబ్బవుతుంది. భయం వల్ల తినకపోవడం, తినకపోవడం వల్ల ఇంకో జబ్బు. అందుకే ఇది వైద్యం విషయం అంటున్నాను.

అటక

బుధవారం రాత్రి అమ్మే అడిగింది, "వాడికి అక్కడ మూల ఉందా?" అని. మూలనే కూర్చున్నాడని చెప్పాను. "అది మూల కాదే, అందరికీ కనపడుతుంటే అది మూలెట్లా అవుతుంది" అంది. తెనాలి పక్క పల్లెలో అమ్మ వాళ్ళింట్లో పిల్లులు ఉండేవి. ఒంట్లో బాగోకపోతే అటకెక్కేవట, లేకపోతే గాదె కిందికి దూరేవట. రెండు మూడు రోజులు ఎవరికీ కనపడేవి కావు. కోలుకుంటే దిగొచ్చి పాలకోసం వంటింట్లో అరిచేవి. కోలుకోకపోతే దిగేవి కావు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఇదే విషయాన్ని దిక్కులేని పిల్లుల్ని ఉంచే ఒక షెల్టర్‌లో చూశారు. కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10 పిల్లులకు దాక్కునే పెట్టె ఇచ్చారు, 9 పిల్లులకు ఇవ్వలేదు. మూడు, నాలుగు రోజుల నాటికి పెట్టె ఉన్న పిల్లుల్లో ఒత్తిడి స్పష్టంగా తక్కువగా ఉంది. షెల్టర్ పిల్లులు వేరు, జబ్బు పిల్లులు వేరు, 19 అంటే చిన్న సంఖ్యే. అయినా ఆస్పత్రిలో ఉండేదే మూడు నాలుగు రోజులు.

గురువారం పొద్దున్నే కిరాణా కొట్లో అడిగి ఒక అట్టపెట్టె, జున్ను రోజూ పడుకునే నా పాత చున్నీ పట్టుకెళ్ళాను. కాంపౌండర్ ఒప్పుకోలేదు. పెద్ద డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అన్న మాట ఇది: "కనపడని పేషెంట్‌ని నేనెలా చూసుకోవాలమ్మా?"

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఇప్పటికీ. క్యాథెటర్ మెలిపడినా, సెలైన్ సూది ఊడినా, ఊపిరి మారినా కంటికి కనపడాలి. ఆయాసంతో ఉన్న పిల్లిని పెట్టెలో పెట్టి మూసేయమని నేనెప్పుడూ చెప్పను. అమ్మ చెప్పిన అటక కథలో దిగిరాని పిల్లులు కూడా ఉన్నాయి. దాక్కోవడం పిల్లికి ఊరటే గానీ మందు కాదు. కానీ నాలుగు రోజులూ అందరికీ కనపడుతూ కూర్చున్న జున్నులో భయాన్ని ఎవరు చూశారు? నేను చూడలేదు, కాంపౌండర్ చూడలేదు. చివరికి చెప్పింది రక్తపరీక్ష.

డాక్టర్ గారు కాసేపు ఆలోచించి, పెట్టెకు ఒక పక్క పూర్తిగా కోయించారు. పైపు ఆ పక్కనుంచి వచ్చేలా, తొంగి చూస్తే కనపడేలా. జున్ను ట్రేలోంచి లేచి, కాలర్ అంచు తగులుతున్నా తోసుకుని లోపలికి వెళ్ళాడు. వెళ్ళి చున్నీ మీద పక్కకు ఒరిగాడు. నాలుగు రోజుల్లో వాడు కూర్చోకుండా పడుకోవడం నేను చూసింది అప్పుడే. సాయంత్రం తిన్నాడు, రెండు చెంచాలు. పెట్టె వల్లే తిన్నాడని నేను ఒట్టు వెయ్యలేను. ఆ ఉదయమే నొప్పి మందు పెంచారు, వాంతి తగ్గే మందూ ఇచ్చారు. పక్కకు ఒరగడం మాత్రం పెట్టెలోకి వెళ్ళిన రెండు నిమిషాల్లో జరిగింది.

ఆ కాంపౌండర్ పక్షాన

కాంపౌండర్ మీద నాకు కోపం లేదు. పిల్లి కాటు లోతుగా దిగుతుంది, తొందరగా చీము పడుతుంది, మన దేశంలో రేబిస్ భయం ఒకటి. రక్కే పిల్లుల మధ్య పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేసే మనిషికి కదలని పిల్లి బంగారంలా కనపడటంలో తప్పులేదు. అతను నాకు ధైర్యం చెప్పాలనే ఆ మాట అన్నాడు.

2022లో అమెరికా పిల్లుల వైద్యుల సంఘం, బ్రిటన్ నుంచి పనిచేసే అంతర్జాతీయ పిల్లుల వైద్య సంఘం కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. కుక్కలు కనపడని, వినపడని చోటు, దాక్కునే వీలు, ఎత్తు మీద కూర్చునే వీలు, మెడ పట్టి ఎత్తకుండా నెమ్మదిగా పట్టుకోవడం, ఇలాంటివన్నీ వాటిలో ఉన్నాయి. షాపు మీద మొదటి అంతస్తులో మూడు గదులు అద్దెకు తీసుకున్న మన క్లినిక్‌లో పిల్లులకు వేరే వార్డు కట్టమంటే ఎక్కడ కడతారు? ఆ వాదన నేను ఒప్పుకుంటాను. కానీ కేజ్ తలుపు మీద సగం దాకా తువ్వాలు వెయ్యడానికి గది అక్కర్లేదు. పై వరస కేజ్ పిల్లికి, కింది వరస కుక్కకు ఇవ్వడానికి అద్దె పెరగదు. రోజూ గుడ్డ, పేపరు మొత్తం మార్చేసి పిల్లి తన వాసన తనకు దొరకకుండా చేసేకంటే, పాడైనంతవరకే శుభ్రం చేస్తే పని కూడా తగ్గుతుంది. భయం తగ్గడానికి ఇంటి నుంచి బయల్దేరేముందు ఇచ్చే గాబాపెంటిన్ లాంటి మందులున్నాయి, అవి డాక్టర్ చెబితేనే, చెప్పినంతే ఇవ్వాలి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ బిళ్ళ మాత్రం పిల్లికి విషం, సగం ముక్క కూడా వెయ్యొద్దు.

చూడ్డానికి వెళ్ళాలా

దీని మీద నేనింకా ఎటూ తేల్చుకోలేదు. "మీరొచ్చి వెళ్ళాక అరుస్తుంది, రాకండి" అన్నారు ఆస్పత్రివాళ్ళు. నిజమే, మంగళవారం నేను లేచి వస్తుంటే జున్ను అరిచాడు. మెట్లు దిగేదాకా వినపడింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాడికోసం వెళ్తున్నానా, నాకోసం వెళ్తున్నానా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కానీ అంతవరకూ బిగుసుకుపోయినవాడు అరిచాడంటే కాస్త వదులయ్యాడనా, ఇంకా కుంగిపోయాడనా? గురువారం మళ్ళీ వెళ్ళి, కేజ్ తీయించకుండా, మాట్లాడకుండా ఇరవై నిమిషాలు నేల మీద కూర్చున్నాను. ఆ రెండు చెంచాలూ నా వేలి మీంచే నాకాడు. లేచొస్తుంటే అరవలేదు. మా పిన్ని వాళ్ళ పిల్లి అయితే ఇంట్లోవాళ్ళు కనపడితే చాలు తలుపుకేసి కొట్టుకుని సూది ఊడబీక్కుంది. ఏ పిల్లికి ఏది మంచిదో ఒకసారి వెళ్ళి చూస్తేగానీ తెలియదనుకుంటాను. వెళ్ళకూడదని ముందే తీర్మానించడం మాత్రం నాకు నచ్చదు.

శుక్రవారం ఇంటికి తెచ్చాం. గడపలోనే మా ఇంకో పిల్లి చుక్క, ఐదేళ్ళు జున్నును నాకి పెంచిన చుక్క, వాణ్ణి చూసి ఒళ్ళు పెంచి బుస్సుమంది. వాడి మీదున్న ఆస్పత్రి వాసనకు ఎవరో కొత్త పిల్లి వచ్చిందనుకుంది. వేరే గదిలో ఉంచి, ఇద్దరి తువ్వాళ్ళూ అటూ ఇటూ మార్చి పరిచి, తలుపు సందులోంచి మూతులు చూపిస్తూ నాలుగు రోజులు తిప్పలు పడ్డాం. ఐదో రోజు చుక్క వాడి చెవి నాకింది.

పోయిన వారం ఆ సాయంత్రమే మా ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేశాను. పొద్దున "మంచిదే" అన్నందుకు క్షమించమని, ఆస్పత్రివాళ్ళను మూడు సంగతులు అడగమన్నాను. తింటోందా, కళ్ళు ఎలా ఉన్నాయి, సరిగ్గా ఎక్కడ కూర్చుంది. పది నిమిషాల్లో తిరిగి చేసింది. తినలేదట. కళ్ళు గమనించలేదట. ఇసుక ట్రేలో కూర్చుందట.

ఎనిమిదింటికి క్లినిక్ మూసేస్తారు. కింద మెడికల్ షాపులో పెట్టె అడిగి తీసుకుని, ఒక పక్క కోయించుకుని ఆటోలో వెళ్ళింది. ఎనిమిదిన్నరకు మెసేజ్ పెట్టింది: "లోపలికెళ్ళింది అక్కా. తోక కొస ఒక్కటే కనపడుతోంది."